మట్టి వేసే వేళ నవ్వింది

"ఇగో, ఇక్కడ ఆపుతాన. మంచిగ చూడుండ్రి," అని విన్సెంట్ ఫోను తెచ్చి జాన్సన్ ముఖం ముందు పెట్టాడు.

ఫోనులో ధర్మసాగర్ సమాధుల తోట ఉంది. తవ్విన గుంట, చుట్టూ తెల్లబట్టల జనం, గుంట అంచున పిడికిట్లో మట్టి పట్టుకుని రెబెకమ్మ. ఆమె నవ్వుతోంది. చావు దగ్గర ఏదో గుర్తొచ్చి చటుక్కున నవ్వి తల దించుకునే నవ్వు కాదది. పెళ్ళిలో వియ్యపురాలి మీద పాట కట్టి పాడితే ఆడవాళ్ళు నవ్వే నవ్వు. గుంటలో పడుకున్నది ఆమె సొంత అక్క మరియమ్మ మొగుడు, దేవదానం.

"కండ్ల పక్కకు చూడు తమ్మీ," అన్నాడు విన్సెంట్. "ముడుతలు పడ్డయా లేదా? వట్టి మూతితోని నవ్వితే అది పైపై నవ్వు. కండ్లు గూడ నవ్వినయంటే లోపల్నుంచి ఒచ్చినట్టు. నేను రోజు క్లాసుల చెప్పేది గిదే."

విన్సెంట్ చనిపోయిన దేవదానం కొడుకు. వరంగల్లో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పిల్లలకు ఇంటర్వ్యూలో ఎట్లా కూర్చోవాలో, ఎట్లా చెయ్యి కలపాలో, ఎదుటివాడి ముఖం చూసి మనసులో మాట ఎట్లా పట్టాలో నేర్పుతాడు. ఉద్యోగం మంచిదే. ఇంటికొచ్చాక కూడా దాన్ని విప్పి కొక్కేనికి తగిలించకపోవడంతోనే చిక్కు.

జాన్సన్ చూశాడు. ముడుతలు పడ్డాయి. కాదనడానికి లేదు. ఫోనులో ఉన్నది తన కన్నతల్లి.

"ఇగ బంద్ చెయ్యన్నా," అన్నాడు నేల చూస్తూ.

రెబెకమ్మ వంటింటి గడప పక్కన కింద కూర్చుని ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"బిడ్డా, అది నేను నవ్వింది కాదురా," అంది.

"మరెవరు నవ్విన్రు చిన్నమ్మా? వీడియోల నువ్వే ఉన్నవు గదా."

"ఏమో. నాకు తెల్వకుంటనే ఒచ్చింది."

"చూసినవా?" విన్సెంట్ జాన్సన్ వైపు తిరిగాడు. "అడిగితే నోటికి కొంగు అడ్డం పెట్టుకుంటాంది. దాచేది ఉన్నోళ్ళే నోరు మూసుకుంటరు."

ఆమె కొంగు అడ్డం పెట్టుకున్నది మళ్ళీ నవ్వు వస్తే ఎవరికీ కనబడకూడదని. ఆ ముక్క ఏ క్లాసులోనూ చెప్పరు.

విన్సెంట్ అంత గట్టిగా మాట్లాడడానికి ఒక పాత సంగతి ఉంది. రెబెకమ్మ భర్త జకరయ్య తాగుడుతో పోయాడు. శవాన్ని ట్రాక్టరు మీద ధర్మసాగర్ తెచ్చారు. సమాధుల తోట గేటు తాళం చర్చి సంఘ పెద్ద దేవదానం దగ్గర ఉంది. ప్రభు బల్ల రొట్టె, ద్రాక్షరసం తీసుకోని మనిషికి, తాగి చచ్చిన మనిషికి తోటలో జాగ లేదన్నాడాయన. మరియమ్మ మొగుడి కాళ్ళ మీద పడింది. అయినా తాళం తియ్యలేదు. చివరికి జకరయ్యను చెరువు అవతల పడావు భూమిలో పెట్టి వచ్చారు. అప్పటికి జాన్సన్ బడికి పోయే పిల్లవాడు.

"అదే గేటు, అదే తోట," అన్నాడు విన్సెంట్. ఇప్పుడు అతని గొంతులో క్లాసు పాఠం లేదు. "మా నాయిన మీద మట్టి పడుతాంటె నవ్వినవు. ఇన్నేండ్లు కడుపుల పెట్టుకున్నవు. నువ్వు ఇంటింటికి తిరిగి చెప్పే సువార్త గిదేనా చిన్నమ్మా?"

రెబెకమ్మ కొంగు ఇంకా గట్టిగా అదుముకుంది.

"ఆదివారం నాయిన పేర ఆదరణ కూడిక. నువ్వు రాకు. నేను చెప్తలేను, అమ్మ చెప్పుమన్నది."

"అక్క అన్నదా?"

"అన్నది."

"మరి చీర ఎవరు పెడ్తరు?"

విన్సెంట్ చెప్పులు వేసుకుంటూ ఆగాడు. మొగుడు పోయిన ఆడమనిషికి కూడిక నాడు పుట్టింటివాళ్ళు కొత్త చీర భుజాన వేసి, పక్కన కూర్చోబెట్టుకోవాలి. నీకు మేమున్నాం అని పదిమంది ముందు చెప్పడం అది. ఏసు ప్రభువు కాలంలో లేదు కదా అని పాస్టరు ఎన్నిసార్లు అన్నా వరంగల్ చుట్టుపక్కల విశ్వాసులు ఆ ఒక్కటి వదలలేదు. మరియమ్మకు అమ్మా నాన్నా లేరు, అన్నదమ్ములు లేరు. పుట్టిల్లంటే రెబెకమ్మ ఒక్కతే.

"చీర లేకున్నా ఫరక్ పడదు," అని విన్సెంట్ వెళ్ళిపోయాడు.

బండి చప్పుడు మట్టెవాడ సందు చివరిదాకా వినిపించింది. జాన్సన్ టీవీ పెట్టి, చూడకుండానే ఆపేశాడు. కోడలు కీర్తన స్టవ్ మీంచి పాలు దించింది.

"నిజం చెప్పు అమ్మా," అన్నాడు జాన్సన్ కొంతసేపటికి. "నాయిన మతికొచ్చిండా ఆడ?"

"ఒచ్చిండు."

"అందుకే నవ్వినవా?"

"మీ నాయిన మతికొస్తె నాకు నవ్వొస్తదా కొడుకా?"

జాన్సన్ లేచాడు. చొక్కా వేసుకుని బయటికి పోయాడు. అడిగేటప్పుడు ఒకటి ఆశించాడు పాపం. పగే అయ్యుంటే బాగుండుననుకున్నాడు. పగ అయితే అర్థం చేసుకోవచ్చు, తండ్రి పక్షాన నిలబడినట్టయినా ఉంటుంది. ఏమీ కాకుండా తల్లి నవ్విందంటే భయం వేస్తుంది.

*

మట్టెవాడలో రెబెకమ్మను బైబిల్ ఉమెన్ అంటారు. ఎవరింట్లో చావైనా, కడుపు పోయినా, మొగుడు వదిలేసినా చర్చి నుంచి మొదట పోయేది ఆమే. పోయి పెద్దగా మాట్లాడదు. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంటుంది. వాళ్ళు ఏడిస్తే తనూ ఏడుస్తుంది. లేవబోయే ముందు చిన్న ప్రార్థన చేస్తుంది. పెద్ద పెద్ద వాక్యాలు చెప్పే పాస్టరుకన్నా ఆమె వస్తేనే కడుపు నిమ్మళమవుతుందని జనం అనేవారు.

దేవదానం భూస్థాపన అయినప్పటి నుంచి ఆ పిలుపులు ఆగిపోయాయి. కొన్నాళ్ళు రెస్ట్ తీసుకో అక్కా అని పాస్టరు ఫోనులో చెప్పాడు. ఎన్నాళ్ళో చెప్పలేదు. ఆమె అడగలేదు.

చర్చి స్త్రీల సమాజం వాళ్ళు మాత్రం వచ్చారు. ఓదార్చడానికి కాదు. నూనె రాసి ప్రార్థన చేస్తే ఆమెలో ఉన్నది వెళ్ళిపోతుందన్నారు. నడుమ ఆమెను కూర్చోబెట్టి తల మీద చేతులు పెట్టారు. అందరూ గొంతెత్తి ప్రార్థన చేస్తుండగా రెబెకమ్మ మూతి ఒక పక్కకు లాగింది, పొట్ట ఎగిరింది, నవ్వు తన్నుకొచ్చింది. ఆపుకోవాలని పెదవి కొరుక్కుంది. ఆపుకున్న కొద్దీ ఎక్కువైంది. చేతులు ఒక్కొక్కటే తల మీది నుంచి లేచిపోయాయి. వాళ్ళు చెప్పులు వేసుకునేదాకా నవ్వుతూనే ఉంది. వాకిట్లో ఎవరో, "చూసినవా, ప్రభువు పేరంటెనే గిట్ల అయితాంది," అన్నారు. ఇక అడిగేవాళ్ళు లేరు, చెప్పేవాళ్ళు లేరు.

విన్సెంట్ రావడానికి ముందు రోజు పక్క సందులో ఎవరో ముసలాయన పోయాడు. ఏడుపులు వినిపిస్తున్నాయి. రెబెకమ్మ అలవాటుకొద్దీ లేచి చీర సర్దుకుని బైబిలు చేతిలోకి తీసుకుంది. గడప దాకా వచ్చి నిలబడింది. దారిన పోయే ఆడవాళ్ళు ఆమెను చూసి తల పక్కకు తిప్పుకున్నారు. మళ్ళీ లోపలికి వచ్చి కూర్చుంది. ఆ ఏడుపులు సాయంత్రం వరకూ ఆమె చెవుల్లో పడుతూనే ఉన్నాయి.

అత్తకూ కోడలికీ పెద్ద ప్రేమేమీ లేదు. కూరలో ఉప్పు దగ్గర నుంచి ఉతికిన బట్టలు ఆరేసే తీగ దాకా ఇద్దరికీ రెండు పద్ధతులు. కాని ఒకే వంటింట్లో తిరిగే మనుషులు ఒకరినొకరు చూడక తప్పదు. జాన్సన్ వెళ్ళాక కీర్తన పాలు కలిపి అత్త ముందు పెట్టి ఎదురుగా కూర్చుంది.

"అత్తమ్మా, మొన్న కుక్కర్ కూత పెట్టంగనే ఎందుకు ఏడ్చిన్రు?"

"నేనా?"

"మీరే. ఉల్లిగడ్డ కోస్తలేరు, ఏం లేదు. కూత ఒచ్చింది, మీరు ఏడ్చిన్రు. మళ్ళ దులుపుకొని బియ్యం కడిగిన్రు. నేను చూసిన."

రెబెకమ్మ గ్లాసు వైపు చూసింది. "చూసి గూడ అడగకపోతివి."

"అడిగితే నన్నే అంటరని ఊకున్న." కీర్తన ఆగింది. "అప్పుడు లోపల ఏమనిపించింది?"

ఈ ప్రశ్న ఇన్ని రోజుల్లో ఒక్కరు కూడా అడగలేదు. అందరూ ఎందుకు నవ్వావనే అడిగారు.

"ఏం అనిపియ్యలే బిడ్డా. ఎవరో నా మొఖం పట్టి గుంజినట్టు అయితది. నేను లోపల ఒక్కదాన్నే కూసుండి చూస్తాంట. బొందకాడ గూడ గట్లనే. లోపల నేను ఒద్దు ఒద్దు అంటాన, పైన మూతి నవ్వుతాంది."

కీర్తన లేచి జాన్సన్‌కు ఫోను చేసింది. దవాఖానకు పోదామంది. పిచ్చి దవాఖానకా, జనం ఏమంటరు అన్నాడు జాన్సన్. జనం అనేది ఇంకేం మిగిలింది అని కీర్తన ఫోను పెట్టేసింది.

*

హన్మకొండలో నరాల డాక్టరు పేరు దీప. చిన్న వయసు. రెబెకమ్మను బల్ల మీద కూర్చోబెట్టి చేతులు చాపమంది, పళ్ళు చూపించమంది, కళ్ళు గట్టిగా మూసుకోమంది. రెండు చేతుల్లో ఎడమ చెయ్యి కొద్దిగా కిందికి జారింది.

"ఈ మధ్య ఎప్పుడన్నా చెయ్యి తిమ్మిరెక్కుడు, మాట తడబడుడు అయిందా అమ్మా?"

రెబెకమ్మ లేదంది. కీర్తన అవునంది. ఎండాకాలంలో, దేవదానం ఇంకా దవాఖానలో చేరకముందు, ఒక పొద్దున టీ కప్పు చేతిలోంచి జారిపోయింది. ఆ రోజంతా నాలుక మందంగా ఉంది, మాట ముద్దముద్దగా వచ్చింది. ఎండదెబ్బ అనుకుని మజ్జిగ తాగించి పడుకోబెట్టారు. మర్నాటికి సర్దుకుంది. అందరూ మర్చిపోయారు.

"అది ఎండదెబ్బ కాదు," అంది డాక్టరు స్కాన్ చూశాక. "చిన్న స్ట్రోక్. పక్షవాతం అంటరు గదా, కాలు చెయ్యి పడిపోకుండనే వచ్చిపోయింది. నవ్వుని, ఏడుపుని పట్టి ఉంచే దారి ఒకటి ఉంటది మెదడుల. ఆ దారి దెబ్బతిన్నది. ఇప్పుడు చిన్నది ఏది తగిలినా, నవ్వో ఏడుపో తన్నుకొచ్చేస్తది. లోపల ఉన్నదానికి, పైన వచ్చేదానికి సంబంధం ఉండాలెనని లేదు."

జాన్సన్ కుర్చీలో ముందుకు జరిగాడు. "మరి కండ్లు గూడ నవ్వినయి గదా మేడం? కండ్లు నవ్వితె నిజమైన నవ్వంటరు."

"ఎవరన్నరు?"

"మా అన్న. కాలేజీల బాడీ లాంగ్వేజ్ చెప్తడు."

డాక్టరు నవ్వలేదు, చిన్నబుచ్చలేదు. "ఆయన చెప్పింది మామూలు మనుషులకు కొంత దూరం కరెక్టే. కావాలని నవ్వేటప్పుడు కండ్ల దగ్గర కండరాలు సరిగ కదలవు. కని అమ్మది కావాలని నవ్వింది కాదు గదా. తన్నుకొచ్చిన నవ్వుల అన్ని కండరాలు కలిసే కదులుతయి. వీడియోల చూసి తేడా పట్టుడు నా వల్ల గూడ కాదు. ఆమెనే అడగాలె. అడిగిన్రా?"

జాన్సన్ తల వంచుకున్నాడు.

"ఏడుపు గూడ ఇట్లనే వస్తదా మేడం?" అని కీర్తన అడిగింది.

"వస్తది. చాలామందికి ఏడుపే ఎక్కువ." డాక్టరు మందు రాసింది. బీపీకి ఒకటి, దీనికి ఒకటి. తగ్గడానికి కొన్ని వారాలు పడుతుందని, ఎవరి దగ్గరికైనా పోయేముందు ఇది ఇట్లా వస్తుందని చెప్పి పొమ్మని అంది.

"ఆదివారం లోపల తగ్గదా అమ్మా?" అని అడిగింది రెబెకమ్మ.

"తగ్గదు."

ఆటోలో జాన్సన్ తల్లి పక్కన కూర్చున్నాడు. ఆమె చెయ్యి తీసుకుని తన తొడ మీద పెట్టుకున్నాడు. మాఫీ చెయ్యమని నోటితో అనలేదు, మగపిల్లల చేత ఆ మాట అనిపించడం కష్టం. దారిలోనే విన్సెంట్‌కు ఫోను చేసి డాక్టరు చెప్పిందంతా పూస గుచ్చినట్టు చెప్పాడు.

"అన్నా, ఉన్నవా?"

"ఉన్న. నేను అమ్మతోని చెప్త తమ్మీ," అన్నాడు విన్సెంట్. తర్వాత ఇంకో మాట అన్నాడు, "చిన్నమ్మకు ఒకసారి ఫోనియ్యి," అని. రెబెకమ్మ చెవి దగ్గర పెట్టుకుంది. అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది. ఏమీ అనకుండానే పెట్టేశాడు.

మట్టెవాడలో దిగి తిన్నగా బట్టల దుకాణానికి పోయారు. రెబెకమ్మ మాస్క్ పెట్టుకుంది, కరోనా నాటిది, సొరుగులో మిగిలింది. సేటు పరిచిన చీరల్లో లేత బూడిద రంగుది తీసి వేళ్ళతో నలిపి చూసింది. అక్కకు గంజి చీర గుచ్చుకుంటుంది, మెత్తటిది కావాలి. చిన్నప్పుడు ఇద్దరికీ ఒక్కటే దుప్పటి ఉండేది, గరుకుదని అక్క రాత్రంతా దొర్లేది. ఆ మాట కీర్తనకు చెప్పాలనుకుని చెప్పలేదు. చాలా రోజుల తర్వాత ఆమెకు ఆకలి వేసింది.

*

శనివారం పగటిపూట ఇంటి ముందు ఆటో ఆగింది. కీర్తన తలుపు తీసి ఒక అడుగు వెనక్కి వేసింది. ఆటోలోంచి మరియమ్మ దిగుతోంది.

మొగుడు పోయిన మనిషి కూడిక కాకముందు ఇంకొకరి గడప తొక్కకూడదు. మనం విశ్వాసులం, మనకవి లేవు అని అందరూ అంటారు, ఎవరూ తొక్కరు. మరియమ్మ జీవితమంతా అందరికన్నా ఎక్కువ పాటించింది. అట్లాంటిది ఒక్కతే ఆటో మాట్లాడుకుని ధర్మసాగర్ నుంచి వచ్చింది.

"లోపలికి రాండ్రి పెద్దత్తమ్మా," అంది కీర్తన.

"నీళ్ళు ఒద్దు బిడ్డా. నువ్వు జర పక్కింట్ల కూసో. మేము అక్కచెల్లెండ్లం మాట్లాడుకోవాలె."

రెబెకమ్మ మంచం మీద జరిగి చోటిచ్చింది. మరియమ్మ వచ్చి మంచం చివర కూర్చుంది. ముఖం పీక్కుపోయింది. ఇద్దరి మధ్యా ఒక మనిషి పట్టేంత ఖాళీ ఉంది.

"విన్సెంట్ చెప్పిండు," అంది మరియమ్మ. "నవ్వు నీది కాదంట గదా."

"కాదక్కా."

"నా మనసుకు తెలుసు. నా చెల్లె గట్ల నవ్వదని తెలుసు. కొడుకు వీడియో పెట్టి చూపెట్టేసరికి నేను గూడ తప్పుపట్టిన. రావొద్దని చెప్పి పంపిన. నన్ను మాఫ్ చెయ్యి."

ఆ మాట కోసం రెబెకమ్మ ఎన్నాళ్ళ నుంచి ఎదురుచూస్తోందో. గుండె తేలికైంది, సంతోషమైంది. ఆ సంతోషంలోనే కళ్ళలోంచి నీళ్ళు దూకాయి, ఏడుపు పెద్దగా వచ్చేసింది. అక్క దగ్గరికి జరగబోయింది.

మరియమ్మ జరగలేదు. చెయ్యి చాపలేదు. చెల్లెలి ముఖాన్ని తేరిపార చూస్తూ కూర్చుంది.

"ఇదెవరిదే?" అని అడిగింది.

"ఏంది?"

"ఈ ఏడుపు. నీదా, రోగానిదా?"

రెబెకమ్మ కొంగుతో ముఖం అదిమి పట్టుకుంది. ఏడుపు ఆగడానికి కొంతసేపు పట్టింది.

"ఏడుపు గూడ గట్లనే ఒస్తదని డాక్టరమ్మ అన్నదంట," అంది మరియమ్మ. "విన్సెంట్ ఆ మాట చెప్పంగనే నాకు అన్నం సయించలే. నిద్ర పట్టలే. ఒక్కటి అడుగుదామని ఒచ్చిన. మీ బావ దవాఖానల ఉన్న దినం మతికున్నదా?"

"ఉన్నది."

"మూతికి ఆక్సిజన్ పెట్టిన్రు. మాట రాకపాయె. నువ్వు లోపలికి రాంగనే రెండు చేతులు ఎత్తి నీకు దండం పెట్టిండు. ఎందుకు పెట్టిండో నీకు తెలుసు, నాకు తెలుసు. గేటు సంగతి ఆయన నోటితోని ఎన్నడు ఒప్పుకోలే. కని రాత్రిళ్ళు లేచి కూసునేటోడు. రెబెక మొఖం చూడలేకపోతాన అనేటోడు."

ఈ రాత్రిళ్ళ సంగతి రెబెకమ్మకు తెలియదు. ఇన్నేళ్ళలో ఎవరూ చెప్పలేదు.

"నువ్వు ఆయన చేతులు పట్టుకొని బోరున ఏడ్చినవు," మరియమ్మ గొంతు తగ్గింది. "నేను ఆయన చెవుల చెప్పిన. ఏమయ్యా, చెల్లె మాఫ్ చేసింది, చూడు ఎట్ల ఏడుస్తాందో, ఇగ నువ్వు నిమ్మళంగ పో అని. ఆయన విన్నడు. కండ్లు మూసుకున్నడు. మొఖం చల్లవడ్డది. కండ్లు మళ్ళ తెరవలే. ఆయన పోయినంక నాకున్న ధైర్యం గదొక్కటే చెల్లె. పాపం మోసుకొని పోలే అని. ఇప్పుడు చెప్పు. ఆ ఏడుపు నీదా?"

వీధిలో కూరగాయల బండివాడు అరుస్తూ పోయాడు.

ఆ రోజు ఆమె దవాఖాన మెట్లు ఎక్కింది ఏడవడానికి కాదు. ఒక్క మాట అనడానికి పోయింది. నీకు ఏ గేటు తీస్తరో చూస్త బావా, అని. జకరయ్య శవం ట్రాక్టరు మీద ఎండలో ఉన్న రోజు నుంచి ఆ మాట ఆమె కడుపులో ఉంది. ఇంటింటికీ పోయి క్షమించమని చెప్పిన ఆమె ఇది మాత్రం దాచుకుంది. ఆయన దండం పెట్టాడు. ఆమె నోరు తెరిచింది. మాటకు బదులు ఏడుపొచ్చింది. లోపల మాత్రం ఒక్క చుక్క తడి లేదు. బయటికొచ్చాక అందరూ నీది ఎంత పెద్ద మనసు అన్నారు. ప్రభువే తనను ఏడిపించాడేమో, తెలియకుండానే క్షమించానేమో అని తనూ అనుకుంది. అట్లా అనుకుంటే హాయిగా ఉండింది. డాక్టరమ్మ ఏడుపు సంగతి చెప్పేదాకా ఉండింది.

నాదే అక్కా అంటే చాలు. రేపు ఆదివారం. చీర అల్మారాలో ఉంది. అక్క పక్కన బెంచీ మీద కూర్చోవచ్చు. మళ్ళీ పిలుపులొస్తాయి. ఈ ఇంట్లో గోడలు చూస్తూ కూర్చునే బతుకు తప్పుతుంది. ఒక్క మాటకు ఇంత వస్తుంటే ఎవరు అనరు? లోకంలో ఇంతకన్నా చిన్నవాటికి ఇంతకన్నా పెద్ద అబద్ధాలాడే పెద్దమనుషులున్నారు.

ఆమె మూతి ఒక పక్కకు లాగడం మొదలైంది. రెబెకమ్మ చేత్తో పట్టుకుంది.

"నీ మొఖం నాకొద్దు," అంది మరియమ్మ. కోపంగా అనలేదు, బతిమాలుతున్నట్టు అంది. "మొఖం చూస్తె నాకు ఏది సమజ్ గాదు. అటు గోడ దిక్కు తిరుగు. తిరిగి నోటితోని చెప్పు. నువ్వు ఏం చెప్తె గదే నమ్ముత. నువ్వు నాకు ఎన్నడు అబద్ధం చెప్పలే."

రెబెకమ్మ లేచి గోడ వైపు తిరిగింది. సున్నం పెచ్చులూడిన చోట చెయ్యి ఆనించింది. నవ్వు వచ్చింది, వెళ్ళిపోయింది. ఈసారి దానికి ఎవరూ భయపడలేదు, ఎవరూ చూడలేదు. అక్క వెనకే కూర్చుని ఉంది. ఆమె ఊపిరి వినిపిస్తోంది.

"నాది కాదక్కా," అంది. "బావను నేను మాఫ్ చెయ్యలే. ఇంకా చెయ్యలే."

మంచం కిర్రుమనలేదు, చెప్పుల చప్పుడు కాలేదు. అక్క లేచిపోతుందేమోనని రెబెకమ్మ వీపుతోనే విన్నది.

"అయితే నేను ఆయనకు అబద్ధం చెప్పి పంపిన్నా, చెల్లె?" అంది మరియమ్మ.

రెబెకమ్మ చర్చి తరపున ఎన్నో ఇళ్ళకు పోయింది, ఎందరో ఆడవాళ్ళ పక్కన కూర్చుంది. ఈ మాట ఆమెను ఎవరూ అడగలేదు. చెయ్యి తియ్యకుండా అట్లాగే గోడ వైపు నిలబడింది.